వంతెన అవతలి చెయ్యి

వెర్నా సారెలా చేసే పని ఏమిటో ముప్పై ఏళ్లయినా ఆ ఊళ్లో చాలామందికి అర్థం కాలేదు. ఆసుపత్రిలో ఉంటుంది కాబట్టి నర్సనుకునేవాళ్లు కొందరు, వ్యాయామాలు చేయిస్తుంది కాబట్టి డ్రిల్లు మాస్టరు లాంటిదనుకునేవాళ్లు కొందరు. చర్చిలో ఎవరైనా అడిగితే, “గుండీలు పెట్టుకోవడం నేర్పుతాను,” అని చెప్పి ఊరుకునేది. అందులో అబద్ధం లేదు. పక్షవాతం వచ్చిన చేతికి, రంపం కింద పడి బతికిన చేతికి మళ్లీ గుండీ పెట్టడం, చెంచా పట్టడం, తలుపు గడియ తియ్యడం నేర్పడమే ఆమె పని. ఆక్యుపేషనల్ థెరపిస్టు అన్న పెద్ద మాట కోటు మీద కుట్టి ఉండేది. దాన్ని చదివే ఓపిక ఎవరికీ ఉండేది కాదు.

ఆమె తండ్రి కాగితం మిల్లులో పనిచేస్తూ ఎడమచేతి మూడు వేళ్లు పోగొట్టుకున్నప్పుడు వెర్నాకు పదకొండేళ్లు. ఆసుపత్రి నుంచి ఒకావిడ ఆరు వారాలపాటు ఇంటికి వచ్చి, మిగిలిన రెండు వేళ్లతో బూటు తాడు కట్టుకోవడం ఆయనకు నేర్పింది. అది వచ్చిన రోజున ఆయన భోజనం చల్లారిపోతున్నా పట్టించుకోకుండా తాడు విప్పడం, మళ్లీ కట్టడం, మళ్లీ విప్పడం. వెర్నా వంటింటి గడపలో కూర్చుని అదంతా చూసింది. పెద్దయ్యాక ఏం చదువుతావని అడిగినవాళ్లకు వేరే జవాబు ఆమె దగ్గర ఎప్పుడూ లేదు.

చదువయ్యాక విస్కాన్సిన్ ఉత్తర భాగంలో ఉన్న ఒక చిన్న ఆసుపత్రిలో చేరింది, అక్కడే ఉండిపోయింది. పెళ్లి చేసుకుంది, విడిపోయింది, మోకాలి నొప్పులు తెచ్చుకుంది. చుట్టుపక్కల వంద మైళ్లలో చేతి సంగతి తెలిసినవాళ్లు ఆమె కాక మరొకరు లేరు. ఉత్తరాన సరిహద్దు నదికి అటు మిషిగన్, ఇటు విస్కాన్సిన్. కలప కోసేవాళ్లు, లారీలు తోలేవాళ్లు, రిటైరైన గని కార్మికులు రెండు వైపుల నుంచీ ఆమె గదికే వచ్చేవారు. ఎవరు ఏ రాష్ట్రమో ఆమె ఎప్పుడూ అడగలేదు. గదిలో అడుగుపెట్టిన మనిషి విస్కాన్సిన్‌లో ఉన్నట్టే కదా.

మహమ్మారి వచ్చాక ఆ గదికి తాళం పడింది. పేషెంట్లను తెర మీద చూడమన్నారు. వెర్నా మొదట్లో సణిగింది. ముట్టుకోకుండా చెయ్యిని చూడటమేమిటి, ఫొటో చూసి రొట్టె రుచి చెప్పినట్టు, అంది. అయితే రెండు వారాలు గడిచేసరికి ఆమె నోరు మూతపడింది. ఇరవై ఎనిమిదేళ్లుగా ఆమె చెక్కపలక మీద గుండీలు పెట్టించింది, ప్లాస్టిక్ గ్లాసులు ఎత్తించింది. ఇప్పుడు వాళ్ల వంటిళ్లు కనిపిస్తున్నాయి. ఒకావిడ రోజూ వాడే గిన్నె భుజానికి జానెడు ఎత్తున ఉంది. ఒకాయన కుళాయి తిప్పాలంటే మణికట్టు ఏ వైపు వంచకూడదో ఆ వైపే వంచాలి. ఇన్నాళ్లూ నేను వీళ్లకు నేర్పిందేమిటి అని ఆమెకు సిగ్గేసింది. ఆ సిగ్గుతోనే పని మళ్లీ మొదటినుంచి నేర్చుకుంది.

ఆర్వో కెంప్పా అలా తెర మీదనే ఆమెకు పరిచయమయ్యాడు. మిషిగన్ వైపు, నది మీది వంతెన దాటి ఇరవై రెండు మైళ్లు అడవిలోకి వెళితే వాళ్ల ఇల్లు. డెబ్బై నాలుగేళ్ల మనిషి. నలభై ఏళ్లు దుంగల లారీ తోలాడు. ఆ ఏడాది మార్చిలో పొయ్యిలో కట్టె పెడుతూ పెడుతూ ఒరిగిపోయాడు. ప్రాణం దక్కింది గానీ కుడిచెయ్యి పడిపోయింది. మాట కూడా ముక్కలైంది. మూడు నాలుగు మాటలకు మించి వరసగా వచ్చేవి కావు.

భార్య డెల్ఫీన్ ఆయనకంటే రెండేళ్లు పెద్ద. పొట్టిగా, చురుగ్గా ఉంటుంది. ఎడతెగని నోరు. టాబ్లెట్‌ను పిండి డబ్బాకు ఆనించి నిలబెట్టేది. మొదటి రోజు వెర్నా ఎప్పుడూ అడిగే ప్రశ్నే అడిగింది: ఈ చేత్తో మళ్లీ ఏం చెయ్యాలని ఉంది? చాలామంది కారు తోలాలనో, చేపలు పట్టాలనో అంటారు. ఆర్వో చాలాసేపు పెదవులు కదిపాడు. చివరికి ఎడమచేత్తో భార్య తల వైపు చూపించి, “జడ,” అన్నాడు.

డెల్ఫీన్ మొహం ఎర్రబడింది. ఆమె భుజం బిగుసుకుపోయి తొమ్మిదేళ్లయింది. చెయ్యి చెవి దాటి పైకి లేవదు. జుట్టు కత్తిరించుకోమన్నారు అందరూ. ఆర్వో ఒప్పుకోలేదు. అప్పటినుంచి ప్రతి ఉదయం కాఫీ మరిగేలోగా ఆయనే జడ వేస్తున్నాడు. ఇప్పుడు ఆమె జుట్టు రబ్బరు బ్యాండుతో వెనక్కి లాగి కట్టి ఉంది.

“దుంగలకు గొలుసులు బిగించిన మనిషి అమ్మాయ్, నాకు జడ వేసింది,” అంది డెల్ఫీన్. “మొదటి ఏడాదంతా నాకు తలనొప్పే.”

“గొలుసే... నయం,” అన్నాడు ఆర్వో. ముగ్గురూ నవ్వారు.

అలా మంగళవారాలు మొదలయ్యాయి. వెర్నా డెల్ఫీన్ కుర్చీ వెనక ఆర్వోకు ఒక స్టూలు వేయించింది. మోచెయ్యికి ఆనుడు ఇప్పించింది. ముందు వేళ్లు తెరవడం, తర్వాత బొటనవేలు, చూపుడువేలు కలపడం, తర్వాత కుర్చీ వీపుకు కట్టిన ఉన్ని తాళ్లు మూడు. జూలైలో ఆయన ఒక తాడును పట్టి వదిలాడు. పట్టడం కంటే వదలడం కష్టం, ఆ సంగతి వెర్నాకు తెలుసు. ఆగస్టు చివర్లో ఆయన భార్య జుట్టు మీదనే రెండు మెలికలు వేశాడు. మూడోది జారిపోయింది. టాబ్లెట్లోంచి వాళ్లిద్దరి ముఖాలు కనిపించడం లేదు, డెల్ఫీన్ వీపు, నెరిసిన జుట్టు, ఆయన వణికే వేళ్లు తప్ప.  వెర్నా కుర్చీలోంచి లేచి నిలబడింది, ఎందుకు లేచిందో తనకే తెలియలేదు.

చలి మొదలవుతుండగా ఆసుపత్రిలో నిబంధనల వ్యవహారం చూసే గారెట్ వాస్ ఆమెను పిలిపించాడు. ముప్పై ఐదేళ్లుంటాయేమో, మెత్తటి మనిషి, చెడ్డమాట చెప్పాల్సివస్తే ముందు నీళ్లు తాగే అలవాటు. మహమ్మారి కోసం ఇచ్చిన సడలింపులు ముగిశాయని, ఒకటో తారీఖు నుంచి మిషిగన్‌లో ఉన్నవాళ్లను తెర మీద చూడకూడదని చెప్పాడు. థెరపిస్టు ఎక్కడ కూర్చుందన్నది కాదు, పేషెంటు ఆ నిమిషంలో ఏ రాష్ట్రంలో ఉన్నాడన్నదే లెక్క. ఆమె లైసెన్సు విస్కాన్సిన్‌ది.

“నిన్న చూసిన చెయ్యే కదా గారెట్ అది. రేపటికి ఏం మారుతుంది?” అని అడిగింది వెర్నా.

“చెయ్యి మారదు మేడమ్. మీరు రేపు చూస్తే లైసెన్సు లేకుండా వైద్యం చేసినట్టవుతుంది. మీ విస్కాన్సిన్ లైసెన్సు కూడా పోవచ్చు. నేను రాసిన రూలు కాదిది.”

అతని మీద కోపం తెచ్చుకుందామని చూసింది గానీ రాలేదు. ఇలాంటి రూలు ఎందుకుందో ఆమెకు తెలుసు. ఎవరో ఎక్కడో కూర్చుని, ఏ పరీక్షా పాసవకుండా జనం ఎముకలు విరవకుండా ఉండాలనే. అది ఎవరినో ఆపడానికి పుట్టింది. దారిలో తను నిలబడి ఉంది.

వంతెన అవతల ఆమెకు పదకొండు మంది ఉన్నారు. పదిమందికి ఏదో ఒక దారి దొరికింది. కొందరు మళ్లీ తెరిచిన ఆమె గదికి కారులో వచ్చారు, కొందరికి పని దాదాపు పూర్తయింది. ఆర్వోకు దొరకలేదు. ఆసుపత్రి వంతెన దాటాక ఇంకా తొంభై మైళ్లు. మిషిగన్ వైపు ఉన్న ఒక్క థెరపిస్టు దగ్గర వచ్చే వేసవి దాకా ఖాళీ లేదు, అంత దూరం ఇంటికి వచ్చే వీలూ లేదు.

వెర్నా మిషిగన్ లైసెన్సుకు దరఖాస్తు పెట్టింది. ఆరేడు వారాల పని అనుకుంది. చదువు పత్రాలు కావాలన్నారు. ఆమె చదివిన చిన్న కాలేజీ మూతపడి పదిహేనేళ్లయింది. దాని రికార్డులు ఎక్కడికి చేరాయో కనుక్కోవడానికే నెల పట్టింది. అవి పెట్టెల్లో ఉన్నాయని, వెతికే మనిషి వారానికి ఒక్కరోజే వస్తాడని చెప్పారు. వేలిముద్రలు ఇవ్వమన్నారు. ఇచ్చింది. గీతలు కనపడటం లేదని తిరిగొచ్చాయి. ముప్పై ఏళ్లు రోజుకు నలభైసార్లు సబ్బుతో కడిగిన వేళ్లు, పరాయివాళ్ల వేళ్లను రుద్దిన వేళ్లు, అరిగిపోయి నున్నగా తయారయ్యాయి. పదిరోజులు గ్లిజరిన్ రాసుకుని మళ్లీ ఇచ్చింది. మళ్లీ తిరిగొచ్చాయి.

లైసెన్సుల ఆఫీసుకు ప్రతి శుక్రవారం ఫోన్ చేసేది. చాలాసేపు పాట వినిపించాక ఒకావిడ పలికేది. మంచి గొంతు, విసుగు లేదు. నాలుగోసారికి ఆమె వెర్నా పేరు చెప్పకుండానే గుర్తుపట్టింది. “పరిశీలనలో ఉంది అనే ఉందమ్మా,” అంది. “మీకు తెర మీద కనిపించేదే నాకూ కనిపిస్తుంది. అంతకు మించి ఒక్క అక్షరం కనపడదు.” ఆవిడా తనలాంటిదేనని వెర్నాకు అర్థమైంది. ఆ తర్వాత ఆవిడ మీద విసుక్కోవడం కూడా కుదరలేదు.

ఈలోగా డెల్ఫీన్ ఒక ఉపాయం కనిపెట్టింది. పేషెంటు ఎక్కడున్నాడన్నదే లెక్కయితే, పేషెంటును ఇవతలికి తెస్తే సరిపోతుంది కదా అంది. వంతెన దిగగానే విస్కాన్సిన్ వైపు మూతపడిన ఒక హోటలు ఉంది. దాని ముందు పార్కింగు స్థలంలో ఫోను సిగ్నల్ బాగా వస్తుంది. గారెట్‌ను అడిగితే నీళ్లు తాగి, ఆలోచించి, అది చెల్లుతుందన్నాడు. ప్రతిసారీ మొదట ఎక్కడున్నారో అడిగి, జవాబు రాసుకోమన్నాడు.

అక్టోబరు అంతా అలా గడిచింది. డెల్ఫీన్ ఆయనను పాత పికప్ ట్రక్కులో ఎక్కించి ఇరవై రెండు మైళ్లు తోలుకొచ్చేది. ఆమెకు ఒక కంట్లో శుక్లం ఉందని వెర్నాకు అప్పుడు తెలియదు. ఫోనును స్టీరింగుకు ఆనించేవాళ్లు. స్టూలు లేదు, బల్ల లేదు, ఆనుడు లేదు. ఆర్వో సీటు బెల్టు కొక్కెం మీద బొటనవేలు నొక్కడం సాధన చేశాడు, ఫ్లాస్కు మూత తిప్పాడు. జడ అల్లే వీలు లేదు, ఆమె స్టీరింగు వెనక ఇరుక్కుని ఉండేది. అద్దాల మీద వాళ్ల ఊపిరి ఆవిరి పట్టేది. అయినా డెల్ఫీన్ సంచిలో పాస్టీలు తెచ్చేది. మాంసం, బంగాళాదుంప కూరిన ఆ రొట్టెను ఆర్వో కుడిచేత్తో పట్టుకుని తినాలని వెర్నా పందెం కట్టేది. సగం ఒళ్లో పడేది, సగం నోట్లోకి వెళ్లేది.

నవంబరు మధ్యలో మంచు గట్టిగా కురిసింది. తిరుగుదారిలో మలుపు దగ్గర ట్రక్కు పక్కకు జారి గుంటలో దిగబడింది. దెబ్బలు తగల్లేదు. కానీ ఆ దారిలో మరో బండి రావడానికి గంటన్నర పట్టింది. ఆ గంటన్నరా ఆర్వో భార్య చేతులను తన కోటులో పెట్టుకుని కూర్చున్నాడట. డెల్ఫీన్ ఈ సంగతి ఫోనులో చెప్పేటప్పుడు ఆమె మామూలు వాగుడు లేదు. శుక్లం సంగతి అప్పుడే చెప్పింది. ఇక తోలనని మాటిచ్చానంది. 

రెండు మంగళవారాలు ఖాళీగా పోయాయి. మూడో మంగళవారం సరిగ్గా సమయానికి తెర వెలిగింది. ఆర్వో కోటు, టోపీ, చేతి తొడుగులతో కూర్చుని ఉన్నాడు. వెనక పాత దుప్పటి ఒకటి వేలాడదీసి ఉంది, ట్రక్కు సీటు మీద కప్పినట్టు.

వెర్నా అడగాల్సింది అడిగింది. “ఇప్పుడు మీరు ఎక్కడున్నారు?”

“విస్కాన్సిన్‌లో,” అంది డెల్ఫీన్, కనపడకుండా పక్కనుంచి. “వంతెన దిగిన చోటే. ఎప్పటిలాగే.”

 వెర్నా తొడుగులో ఉన్న ఆర్వో వేళ్లకేసి చూసింది. మూడు వారాల్లోనే వేళ్లు లోపలికి వంగుతున్నాయి. తొడుగు తియ్యమంది. ఆయన ఎడమచేత్తో లాగుతుండగా దుప్పటి వెనక నుంచి కెటిల్ ఈల మొదలైంది. ముందు సన్నగా, తర్వాత గట్టిగా. ఎవరూ కదల్లేదు.

ముందు నవ్వింది ఆర్వోనే. “ట్రక్కు... ఇంజను,” అన్నాడు.

వెర్నాకు కూడా నవ్వాగలేదు. డెల్ఫీన్ తెరలోకి తొంగి చూసి నవ్వింది. అంతలోనే నవ్వు ఆపి కళ్లు తుడుచుకుంది. “నాకు అబద్ధం ఆడటం కూడా చేతకాలేదు అమ్మాయ్,” అంది.

“ఈ కాల్ ఆపెయ్యాలి నేను.”

“తెలుసు.”

“ఆర్వో గారూ, నాకు ఇష్టమై ఆపడం లేదు.”

ఆయన తల ఊపాడు. కుడిచెయ్యి కొంచెం ఎత్తాడు. వీడ్కోలుకా, ఇంకేదైనా చూపించడానికా, ఆమెకు తెలియలేదు. వెర్నా తెర ఆర్పింది. ఆ రోజు కాగితంలో, చికిత్స జరగలేదు, అని రాసింది.  తర్వాత వచ్చిన పేషెంటు రెండుసార్లు తలుపు తట్టాల్సి వచ్చింది.

క్రిస్మస్ ముందు వారం ఆమె గారెట్ గదికి వెళ్లింది. వాళ్లింటికి వెళ్లి చూసి రావచ్చా, చుట్టపుచూపుగా, అని అడిగింది.

“స్నేహితురాలిగా వెళ్లండి మేడమ్, ఎవరు కాదంటారు?” అన్నాడు అతను. గ్లాసు ఖాళీ. అయినా ఎత్తి పెదవులకు ఆనించుకున్నాడు. “చెయ్యి కూడా పట్టుకోండి. పనికోసం మాత్రం పట్టుకోకండి.”

యాలకులు వేసిన, నిసు అనే ఫిన్నిష్ తియ్యరొట్టె కాల్చి, కాగితంలో చుట్టి, వెర్నా నూట పన్నెండు మైళ్లు తోలుకుని వెళ్లింది. ఆ వంటిల్లు ఆమెకు అణువణువూ తెలుసు. పసుపు అల్మారా, కోడిపుంజు గడియారం, పిండి డబ్బా. ఇంత చిన్నదని మాత్రం అనుకోలేదు. ఆర్వో లేచి నిలబడి మర్యాదగా కుడిచెయ్యే చాచాడు, ఎడమచెయ్యి కింద ఊతగా పెట్టి.

ఆమె రెండు చేతులతో అందుకుంది. పట్టుకున్న క్షణంలోనే తెలిసిపోయింది. మణికట్టు కింద నరం బిగుసుకుని ఉంది, వేళ్లు అరచేతిలోకి తిరిగి ఉన్నాయి. బొటనవేలు వాటి కింద చిక్కుకుపోయింది. ఇప్పటికిప్పుడు ఆ చెయ్యిని వేడినీళ్లలో పెట్టి, మణికట్టు వంచి, ఒక్కొక్క వేలూ మెల్లగా విప్పి, రాత్రులు కట్టుకోవడానికి ఒక పట్టీ అమర్చి, రోజుకు మూడుసార్లు ఇలా చెయ్యండి అని చెబితే చాలు. ఐదు నిమిషాల పని. ఆమె బొటనవేలు దానంతటదే ఆయన వేళ్ల సందులోకి వెళ్లింది. ఆయన ఆమె ముఖంలోకి చూస్తున్నాడు. ఆమె బొటనవేలిని వెనక్కి తీసుకుంది.

“చల్లగా ఉన్నాయి మీ చేతులు,” అంది.

కాఫీ తాగారు. రొట్టె బావుందన్నారు. డెల్ఫీన్ జుట్టు కత్తిరించేసుకుంది, మెడ దాకా. తేలిగ్గా ఉందంది. ఆర్వో కిటికీలోంచి మంచు చూస్తూ ఉన్నాడు. సలహా ఇస్తే అది వైద్యమే అవుతుంది. అందుకని వెర్నా వాతావరణం గురించి మాట్లాడింది. తిరిగి వెళ్లేటప్పుడు వంతెన ఎక్కేముందు కారు పక్కకు ఆపి, తలుపు తెరిచి, చల్లగాలిలో కాసేపు నిలబడింది. ఎవరిని తిట్టాలో తెలిస్తే తిట్టేది.

ఆమె వేలిముద్రలు మూడోసారి ఒప్పుకున్నారు. కాలేజీ పెట్టెలోంచి కాగితం ఫిబ్రవరిలో బయటపడింది. లైసెన్సు ఏప్రిల్ పదకొండున వచ్చింది. ఉత్తరం కూడా కాదు, కంప్యూటరు తెరలో ఒక వరస మారింది. శుక్రవారాల ఆవిడ స్వయంగా ఫోన్ చేసి చెప్పింది. అలా ఫోన్ చెయ్యాల్సిన పని ఆవిడకు లేదు.

మర్నాడు మంగళవారం. దుప్పటి లేదు. వంటిల్లు తెర మీదకు వచ్చింది. ఎక్కడున్నారని అడిగితే డెల్ఫీన్, “మిషిగన్‌లో,” అంది, గర్వంగా కాదు, నీరసంగా. ఆర్వో చెయ్యిని ఆమే ఎత్తి బల్ల మీద పెట్టింది. అది పిడికిలి. వెర్నా మణికట్టు వంచమంది, బొటనవేలి మొదట్లో నొక్కమంది, వేడిగుడ్డ పెట్టించింది. వేళ్లు గోరంత కూడా తెరుచుకోలేదు. నొప్పికి ఆర్వో కళ్లు మూసుకున్నాడు.

చూడాల్సిన పెద్ద డాక్టర్లు మిల్వాకీలో ఉన్నారని, ఆపరేషన్‌తో కొంత తెరుచుకోవచ్చని ఆమె చెప్పింది. ఆర్వో తల అడ్డంగా ఊపాడు.

“వద్దు... టీచరమ్మా. చాలు.”

“ఇంకోసారి ఆలోచించుకోండి.”

“చాలు,” అన్నాడు మళ్లీ. ఈసారి మాట తడబడలేదు.

డెల్ఫీన్ ఆయన వైపు చూడలేదు. పిడికిలిలోంచి వాసన వస్తోందని, లోపల చర్మం తెల్లగా నానిపోయిందని, చిటికెనవేలి గోరు అరచేతిలో గుచ్చుకుని పుండు పడిందని గొంతు తగ్గించి చెప్పింది. తనకెలా కడగాలో తెలియక ఊరుకున్నానంది.

వెర్నా కుర్చీ ముందుకు జరుపుకుంది. గిన్నెలో గోరువెచ్చని నీళ్లు తెమ్మంది, మెత్తటి గుడ్డ, చిన్న గోళ్ల కత్తెర తెమ్మంది. మణికట్టును ముందు కిందికి వంచితే వేళ్లు కాస్త వదులవుతాయని, అప్పుడు తడిగుడ్డ కొసను చిటికెనవేలి వైపు నుంచి దూర్చాలని చెప్పింది. లాగొద్దు, దూర్చి ఆగాలి, ఆయన ఊపిరి వదిలినప్పుడు ఇంకొంచెం.  రెండుసార్లు డెల్ఫీన్ చేతిలోంచి గుడ్డ జారిపోయింది. మూడోసారి లోపలికి వెళ్లింది.

“నొప్పా?” అని వెర్నా అడిగింది.

ఆర్వో లేదన్నట్టు తల ఊపాడు. కళ్లు గిన్నెలోని నీళ్ల మీద ఉన్నాయి. ఆ రోజు రెండు గోళ్లు కత్తిరించగలిగారు. మిగతా మూడూ వచ్చే మంగళవారానికి వాయిదా వేసుకున్నారు.